పొగ ఒకవైపు, పొట్టు ఒకవైపు

మూడో పైపు వంగిన ఆదివారం నేను హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాను. అది గట్టి గడ్డ మీద పడి ఎగిరి వచ్చి నా మోకాలికే తగిలింది. ఆ మోకాలు అప్పటికే చెక్కుకుపోయి ఉంది. మా ఇంజనీరు గారు పొలంగట్టు దిగి నా దగ్గరికి నడిచి వస్తూ, నన్ను కాదు, నేలను చూసుకుంటూ వస్తున్నారు.

"ఇదిగో ఇక్కడ మోకాలు," అన్నారు, మట్టిలో గుంటను చెప్పుతో చూపిస్తూ. "ఇక్కడ అడ్డపైపు గీసుకుపోయింది. ఇక్కడ రెక్క ముక్కు గుచ్చుకుంది. వరసగా మూడు తప్పులు. నువ్వేం చేశావో నన్ను అడగక్కర్లేదయ్యా, నేలే చెప్తోంది."

"నేల చెప్తది సార్. నేను చెప్పేది మాత్రం మీరు వినరు."

"విన్నాక కూడా పైపు వంగే ఉంటుంది కదా," అంటూ జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. ఆ పుస్తకాన్ని చింపి పారెయ్యాలని నాకు ప్రతి ఆదివారం అనిపించేది.

డెబ్బైల చివరి రోజులవి. పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. హైదరాబాదులో పుట్టి పెరిగినవాణ్ని, ఉద్యోగం కోసం రోజూ బస్సులో ఇంత దూరం రావడమే నాకు కోపంగా ఉండేది. ఎక్స్ఛేంజి గదికి కిటికీ లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రిసీవర్ చేతిలో, తీగ భుజం మీద. జిన్నారం మాటను బొంబాయికి, బొంబాయి తిట్లను మా మేనేజరుకు కలుపుతూ కూర్చునేవాణ్ని. ఊళ్లన్నీ నా వేళ్ల మధ్య నుంచి పోయేవి. నేను మాత్రం ఆ కుర్చీలోనే ఉండేవాణ్ని. అందుకే డ్రాయింగ్ సెక్షన్ ఇంజనీరు గారు రెక్క ఒకటి కడుతున్నారని, దాన్ని ఎగరేసి చూడ్డానికి బక్కపలచటి మనిషి కావాలని విన్నప్పుడు, ఆయన అడక్కముందే వెళ్లి నిలబడ్డాను.

హ్యాంగ్ గ్లైడర్ అంటే ఇంజను లేని రెక్క. అల్యూమినియం పైపులు, వాటి మీద బిగదీసి కుట్టిన బట్ట, కింద ఉయ్యాలలాంటి పట్టీల్లో వేలాడే మనిషి. మన ముందు ముక్కోణంలో మూడు పైపులుంటాయి. కింది అడ్డపైపును ఒంటివైపు లాక్కుంటే రెక్క ముక్కు దించి జోరుగా పోతుంది. ముందుకు తోస్తే ముక్కెత్తి నెమ్మదిస్తుంది. వాలు మీద పరిగెత్తితే ఎగురుతుంది. నాకు ఎగరడం ఒక్క పూటలో వచ్చింది. దిగడం మాత్రం మూడు నెలలైనా రాలేదు.

ఇంజనీరు గారు కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. చెప్పింది చెప్పినట్టు వంద సార్లు చెప్పగలరు. "గాలికి ఎదురుగా రావాలి. వేగంగా రావాలి, భయపడి ముందే తొయ్యకూడదు. నేలకు మనిషెత్తు ఎత్తులో రెక్కను చదునుగా సాగనివ్వు. వేగం చచ్చి, పైపు చేతుల్లో బరువెక్కినట్టు అనిపిస్తుంది. అప్పుడు, అప్పుడే, రెండు చేతులూ ఒకేసారి పైకి. పూర్తిగా. సగం సగం వద్దు. ముక్కు లేస్తుంది, రెక్క ఆగుతుంది, నువ్వు మెట్టు దిగినట్టు దిగుతావు. కాళ్ల కిందికి చూశావా, అయిపోయావంతే."

ఇదంతా నాకు నోటికి వచ్చు. ఎక్స్ఛేంజి గదిలో కాల్‌కీ కాల్‌కీ మధ్య చీపురుకర్ర పట్టుకుని చేతులు పైకి తోయడం ప్రాక్టీసు చేసేవాణ్ని. ఒకసారి మేనేజరు లైన్లో ఉండగానే చేతులెత్తాను. రిసీవర్ జారి బోర్డు మీద పడింది. ఆయన "హలో, హలో" అంటూనే ఉన్నారు. అంత చేసినా పొలంలో దిగేసరికి నేల నా కిందనుంచి బస్సులాగా పరిగెత్తేది. చేతులు పైకి తోసినా రెక్క ఆగేది కాదు. కాళ్లు అందేవి కావు. ముందు మోకాలు, తరవాత పైపు, ఆఖరికి ముక్కు.

ఇంజనీరు గారు మాత్రం ప్రతిసారీ మెట్టు దిగినట్టే దిగేవారు. చొక్కా కూడా నలిగేది కాదు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ మూడో పైపు రోజున ఆయన పుస్తకం మూసి అన్నారు, "ఇంకొక్క పైపే మిగిలింది. అదీ వంగితే ఈ ఏటికి ఆట కట్టు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మోకాలు తగలకుండా దిగు. ఆ పై ఆదివారం నిన్ను గుట్ట పైకి తీసుకెళ్తాను."

గుట్ట పైకి! మేము అప్పటిదాకా గుట్ట సగంలోంచే దూకుతున్నాం. పైనుంచి దూకితే నిజంగా ఎగిరినట్టు. నాకు కావలసింది అదొక్కటే. వ్యవధి కూడా ఎక్కువ లేదు. కింద పొలాల మూలల్లో సున్నం పూసిన రాళ్లు పాతి ఉన్నాయి. ఆ భూమిని మా కంపెనీయే తీసుకుంది. కోసిన జొన్న పంట ఇంటికి చేరేదాకానే రైతులది, తరవాత అక్కడ షెడ్లు లేస్తాయి.

గాలి గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదని నా నమ్మకం. చిన్నప్పటి నుంచి డాబాల మీద పతంగులు ఎగరేసినవాణ్ని. పైగా నా దగ్గర ఇంకెవరి దగ్గరా లేనిది ఒకటుంది. ఆదివారం తెల్లారుజామునే ఎక్స్ఛేంజి గదికి వెళ్లి బాయిలర్ హౌస్‌కి ఫోన్ కొట్టేవాణ్ని. అక్కడ మేం పటాన్‌చెరు భాయ్ అని పిలిచే బాయిలర్ మనిషి డ్యూటీలో ఉండేవాడు.

"భాయ్, పొగ ఎటు పోతుంది?"

"సలామ్ లేదు, దువా లేదు, సీదా పొగ! ఆగు మియా, బయటికి పోయి చూసొస్తా." కాసేపటికి రిసీవర్ గరగరలాడేది. "సంగారెడ్డి తరఫు పోతుంది. సీదా పోతుంది, పతంగి తోక లెక్క."

"పక్కానా?"

"అరే, పక్కా. ఇయ్యాల జెర మంచిగ దిగు. మా అమ్మీ రోజు అడుగుతుంది, ఆ ఉడ్నేవాలా జిందా ఉన్నడా అని."

పొగ సంగారెడ్డి వైపు పోతోందంటే గాలి హైదరాబాదు వైపు నుంచి వస్తోందన్నమాట. మా గుట్ట వాలు కూడా హైదరాబాదు వైపే. ఇంకేం, పరిగెత్తి, ఎగిరి, తిన్నగా పోయి, హైదరాబాదుకు ముఖం పెట్టి దిగడమే. గుట్ట మీద నుంచి చూసినా ఆ చిమ్నీ కనిపించేది. పొగ భాయ్ చెప్పినట్టే ఉండేది. మా ఊరి గాలి నన్ను ఎదురొచ్చి ఆపుతుందని దిగేవాణ్ని. అది ఆపకపోగా వెనకనుంచి ఎవరో తోసినట్టు ఉండేది.

మూడో పైపు వంగిన ఆ ఉదయమే, ఇంజనీరు గారు ఫిట్టర్లిద్దరితో రెక్కను మోయించుకుని పైపు మార్చడానికి మళ్లీ గుట్ట ఎక్కుతుంటే, నేను కుంటుతూ వెనకబడ్డాను. పొలం చివర కళ్లంలో ఒక అవ్వ ఎత్తుపీట మీద నిలబడి జొన్నలు తూర్పార పడుతోంది. చేట ఎత్తి వంచుతుంటే గింజ తిన్నగా కాళ్ల దగ్గర పడుతోంది, పొట్టు పక్కకు ఎగిరిపోతోంది.

"ఓ పిలగా," అంది చేట ఆపకుండానే. "తలకాయ గట్టిగనే ఉన్నదా?"

"ఉన్నది. నవ్వుకో, నువ్వు గూడ నవ్వుకో."

"నవ్వక ఏం జెయ్యాలె? గాలిని ఎన్క పెట్టుకొని దిగుతున్నవు. కాకి గూడ గట్ల దిగది. సూడు ఎప్పుడన్న, గాలికి మొకం పెట్టి దిగుతది."

నాకు ఒళ్లు మండింది. "గాలి ఎదురుంగనే ఉన్నది అవ్వా! గా పొగ కనబడ్తలేదా? సంగారెడ్డి దిక్కు పోతుంది."

అవ్వ తల తిప్పి చిమ్నీని చూసింది. మళ్లీ చేట వంచింది. పొట్టు హైదరాబాదు వైపు కొట్టుకుపోయింది.

"పొగది మీదున్న గాలి. మీది గాలి నా చేటకెందుకు? నాకు కిందిది గావాలె. పొద్దుగాల గుట్ట మీదికెల్లి సల్లగాలి జారుకుంట దిగుతది. ఎండెక్కినంక మల్ల తిరుగుతది. గందుకే గదా మేము సీకట్లనే లేశి వస్తం."

నేను అక్కడే నిలబడిపోయాను. చెయ్యి చాపి ఆ పొట్టులో పెట్టాను. గుట్ట వైపునుంచి చల్లగా, పలచగా గాలి తగిలింది. చిమ్నీ పొగ అటు, అవ్వ పొట్టు ఇటు. మూడు నెలల నా మోకాళ్లు గుర్తొచ్చాయి. ఇంజనీరు గారి నలగని చొక్కా కూడా గుర్తొచ్చింది. మెత్తటి గాలి ఉన్నప్పుడే నేర్చుకోవాలని ఆయన నన్ను తెల్లారగానే పంపేవారు. తాను ఆఖర్న, ఎండెక్కాక ఎగిరేవారు. అప్పటికి కిందిగాలి ఎదురు తిరిగి ఉండేది. ఆయనను గాలి ఆపేది, నన్ను తోసేది!

కుంటుకుంటూనే గుట్ట ఎక్కాను. "సార్, కింద గాలి ఉల్టా ఉన్నది."

"ఎవరన్నారు?"

"కళ్లం కాడ అవ్వ."

ఫిట్టర్లిద్దరూ పకపకా నవ్వారు. ఇంజనీరు గారు నవ్వలేదు. అదే నాకు ఇంకా మండింది. "చూడవయ్యా, ఆవిడ గాలి చేటంత. నీది ఇరవై అడుగుల రెక్క. తప్పు చేతుల్లో ఉంటే గాలి మీదికి తోసెయ్యకు."

"అయితే నన్ను గూడ ఎండెక్కినంకనే పంపున్రి. మీ తర్వాత ఎగురుతా."

"ఎండెక్కాక గాలి ఎగుడుదిగుడుగా ఉంటుంది. దిగడం రానివాడు అప్పుడు ఎగరకూడదు. పద్ధతి పద్ధతే."

"మీ పద్ధతిల నేను ఎప్పటికి దిగ!"

"దిగు మరి. వచ్చే ఆదివారం. ఆఖరి పైపు మీద."

ఆ వారమంతా బోర్డు ముందు కూర్చుని నేను ఒకటే లెక్క చూసుకున్నాను. తెల్లారగానే ఎగిరితే గుట్టకు ముఖం పెట్టి దిగాలి. అంటే వెనక్కి తిరగాలి. నేలకు దగ్గరగా వచ్చాక మలుపు తిప్పితే రెక్క కొస నేలకు కొట్టుకుంటుందని ఇంజనీరు గారు నాకు మొదటి రోజే చెప్పారు. కాబట్టి ముందే, ఎత్తు చేతిలో ఉండగానే తిరగాలి. ఆ ఆదివారం కూడా భాయ్‌కి ఫోన్ కొట్టాను. పొగ సంగారెడ్డి వైపే అన్నాడు. "షుక్రియా భాయ్," అన్నాను. ఏమైందో ఏమోనని కంగారు పడ్డాడు, నేనెప్పుడూ అలా అనలేదు మరి.

వాలు మీద పరిగెత్తాను. కాళ్లు లేచాయి. మామూలుగా అయితే చిమ్నీని చూసేవాణ్ని. ఆ రోజు కళ్లాన్ని వెతికాను. అవ్వ చేట వంచుతోంది. చిన్న తెల్లటి పొట్టు తెర, గుట్టకు దూరంగా, హైదరాబాదు వైపు. వెంటనే ఒళ్లంతా పక్కకు తోసి మలుపు తిప్పాను. పైనుంచి ఇంజనీరు గారి కేక వినిపించింది, మాట అర్థం కాలేదు. అర్థమైనా వినేవాణ్ని కాదు. చేలు గిర్రున తిరిగి, గుట్ట నా ముందుకొచ్చి నిలబడింది.

పైపు లాక్కున్నాను. రెక్క కిందికి జారింది. ఈసారి నేల పరిగెత్తలేదు. నడిచింది. కోసిన జొన్న కొయ్యకాళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టేంత నెమ్మదిగా కిందినుంచి పోతున్నాయి. పైపు చేతుల్లో బరువెక్కింది. ఆయన చెప్పిన బరువు ఇదన్నమాట. మూడు నెలలుగా ఆ మాట వింటున్నాను గానీ ఆ బరువు అప్పటిదాకా నా చేతికి రాలేదు. రెండు చేతులూ పైకి, పూర్తిగా. ముక్కు లేచింది. రెక్క గాల్లో ఆగింది. నా చెప్పులు నేలను తాకాయి. ఒక అడుగు. ఇంకొక అడుగు. నిలబడ్డాను.

నిలబడింది ఎక్కడంటే కళ్లం అంచున. రెక్క ఊపుకు పొట్టు కుప్ప మొత్తం లేచింది. నేను, అవ్వ, జొన్నలు, అంతా ఆ దుమ్ములో మాయమయ్యాం.

"నీ రెక్కలిరగ!" అవ్వ గొంతు దుమ్ములోంచి వచ్చింది. "నాకు తెలుసు, గీ పిలగాడు ఇయ్యాల నా నెత్తి మీదనే దిగుతడని. పొట్టంత తెచ్చి మల్ల గింజల కలిపితివి గదరా!"

"అవ్వా, దిగిన! సూశినవా? నిలబడి దిగిన!"

"సూశిన, సూశిన. జెర జరుగు."

నేను రెక్కను పక్కకు లాగి, పట్టీలు విప్పుకుని, గుట్ట వైపు చేతులూపుతూ గంతులేశాను. ఇంజనీరు గారు దిగి రావడానికి పావుగంట పడుతుంది. ఆయన నేలను చదువుకుంటూ వస్తారు కదా, చదువుకోనీ, అనుకున్నాను. రెండే రెండు అడుగుల గుర్తులు. మోకాలు లేదు, గీత లేదు, గుంట లేదు. ఆ పుస్తకంలో ఏం రాస్తారో నిలబడి చూడాలి.

వెనక్కి తిరిగి చూస్తే అవ్వ చీపురు పట్టుకుని కళ్లం అంచంతా ఊడుస్తోంది. చెదిరిన గింజలన్నీ కుప్పకు చేరుతున్నాయి. వాటితోపాటు నా అడుగులు కూడా.

"అయ్యో అవ్వా! ఆగు! ఊడ్వకు!"

"ఎందుకు ఊడ్వొద్దు? గింజలు నీ అయ్య ఏరుతడా?"

ఇంజనీరు గారు వచ్చేసరికి నేల పళ్లెంలాగా శుభ్రంగా ఉంది. ఆయన వంగి చూశారు, అటు నడిచారు, ఇటు నడిచారు. "పైనుంచి దుమ్మే కనిపించింది. పడ్డావనుకున్నాను. ఎక్కడ దిగావు?"

"ఇక్కడ్నే సార్. నిలబడి దిగిన. అవ్వ ఊడ్చింది."

"ఊడ్చింది," అన్నారాయన.

"పైపు చూడున్రి! సీదా ఉన్నది!"

"పొట్టు కుప్ప మీద పడ్డా పైపు వంగదయ్యా."

నోటికొచ్చింది అనుంటే ఉద్యోగం పోయేది. అప్పుడు అవ్వే చీపురు చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది.

"ఓ సారూ, గాయిన పడలే. నడిశొచ్చినట్టు దిగిండు. ఇన్ని రోజులు దెబ్బలు తిన్నది నేను సూశిన, ఇయ్యాల దిగింది గూడ నేనే సూశిన. నా జొన్నల మీద దిగిండు, గది నాకు గాయినకు పంచాయితి. గానీ పడలే."

ఇంజనీరు గారు ఆవిడను చూశారు. ఆవిడ చేటను చూశారు. గాల్లోకి ఇంత పొట్టు విసిరి, అది గుట్టకు దూరంగా పోవడం చూశారు. ఇంకోసారి విసిరారు. పుస్తకం తీసి రాసుకున్నారు. ఏం రాశారో నాకు చూపించలేదు. తప్పు తనదని కూడా అనలేదు. "వచ్చే ఆదివారం గుట్ట పైకి," అన్నారు. అంతే.

ఆ వారం నాకు పని మీద ధ్యాస లేదు. బుధవారం స్టోర్సు వాళ్లకు ఒక ట్రంకు కాల్ కలిపాను. సిమెంటు స్తంభాలు, శనివారం లోపల, అని ఏదో చెవిన పడింది. ఆపరేటరు ఎవరి మాటలూ వినకూడదు గానీ అందరం వింటాం. ఆ రోజు మాత్రం నేను నిజంగానే వినలేదు. కీ మూసేసి చీపురుకర్ర అందుకున్నాను.

ఆదివారం రెక్కను కంపెనీ లారీలో వేసుకుని గుట్ట వెనక బండ్లదారి గుండా పైకి చేరాం. అటునుంచి పొలాలు కనిపించవు. ఫిట్టర్లు తీగలు బిగించారు. నేను పట్టీలు వేసుకున్నాను. గాలి ముఖానికి చల్లగా, సమంగా తగులుతోంది. పొగ దూరంగా సంగారెడ్డి వైపు సాగుతోంది. పరిగెత్తే ముందు దిగే చోటు చూసుకోవాలన్నది ఆయన మొదటి పాఠం. బండ అంచుకు వచ్చి కిందికి చూశాను.

పొలం నిండా స్తంభాలు. తీగ ఇంకా కట్టలేదు. బూడిదరంగు సిమెంటు స్తంభాలు, అడ్డంగా ఒక వరస, నిలువుగా రెండు వరసలు, నడుమ ఇనుప కమ్ముల కుప్పలు, కంకర. కళ్లం ఉన్నచోట ఇటుకల లారీ ఆగి ఉంది. అవ్వ లేదు. చేట లేదు. నేను పొట్టు కోసం వెతుకుతూనే ఉన్నాను.

"గాలి బ్రహ్మాండంగా ఉంది," వెనకనుంచి ఇంజనీరు గారు. "ఏమయ్యా, ఇంకా ఆలస్యం దేనికి?"

నాకు పరిగెత్తాలని ఉంది. స్తంభాల మధ్యనుంచి దూరి దిగొచ్చేమో అనిపించింది. రోడ్డు మీద? అక్కడ కరెంటు తీగలు. చెరువు పక్కన? అక్కడ బండలు. అన్నీ చూశాను. కోపంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

"దిగేటందుకు జాగ లేదు సార్."

ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. చాలాసేపు చూశారు. నన్ను పట్టీలు విప్పమని, తాను తగిలించుకున్నారు. అంచుదాకా వెళ్లారు. మళ్లీ చూశారు. మెల్లగా ఆయనా విప్పేశారు.

"నేనైనా దిగలేనయ్యా," అన్నారు. మూడు నెలల్లో ఆయన నోట అలాంటి మాట అదొక్కటే. దానికోసం నేను ఎంత ఎదురుచూశానో! వినేసరికి ఏమీ బాగాలేదు. రెక్క లారీలో దిగింది, నేను వాలు మీదుగా నడిచి దిగాను.

సోమవారం పొద్దున్నే స్టోర్సుకు ఫోన్ కలిపాను, ఈసారి నా కోసం.

"ఆ పొలంల స్తంభాలు ఎవర్నడిగి పాతిన్రు?"

"ఎవరు మాట్లాడేది?"

"ఆపరేటర్ని."

"నువ్వేనా! భలేవాడివే. బుధవారం ట్రంకు కాల్ క్షణంలో కలిపావు కదా, లేకపోతే శనివారానికి వచ్చేవే కాదు సరుకు. థాంక్స్ బాబూ."

తీగ పీకేశాను. వెంటనే బోర్డు మీద ఇంకో దీపం వెలిగింది. బాయిలర్ హౌస్.

"మియా, నిన్న మీదికెల్లి ఎగిరినవట గదా. పడ్డవా?"

"లేదు భాయ్."

"వాహ్! మంచిగ దిగినవా మరి?"

"దిగిన," అన్నాను. "నడుచుకుంట దిగిన."